మంచుగుంటలో సినిక్కా

ఉత్తరాది మంచుదేశంలోని మా సావో ప్రాంతంలో ఒక మనిషిని గౌరవించడమంటే ఆ మనిషి జోలికి పోకపోవడమే. ఎదుటివాడి ముఖం పాలిపోయి ఉంటే వాతావరణం గురించి మాట్లాడతాం. కళ్ళు ఎర్రబడి ఉంటే కాఫీ పోసి ఇచ్చి కిటికీవైపు తిరుగుతాం. దుఃఖంతో ఒంటరిగా ఉండే హక్కును ఇంత నిష్ఠగా కాపాడేవాళ్ళు మరొకచోట ఉంటారని నేననుకోను. ఇది సంస్కారమో, సంస్కారపు ముసుగు వేసుకున్న పిరికితనమో ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను. సినిక్కా హుట్టునెన్ గడిపిన ఒక శీతకాలాన్ని దగ్గరనుంచి చూశాక ఆ సందేహం తీరలేదు సరికదా, ముదిరింది.

సినిక్కా బడి బస్సు నడిపేది. సరస్సు అవతలి ఒడ్డున అడవిలో చెల్లాచెదురుగా ఉన్న ఇళ్ళనుంచి పిల్లలను ఎక్కించుకుని ఊళ్ళోని బడికి చేర్చడం ఆమె పని. నడివయసు దాటిన మనిషి. పొట్టిగా, దిట్టంగా ఉండేది. భర్తతో విడిపోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. బస్సులోని పిల్లల్లో ఎవరికి కడుపులో తిప్పుతుందో, ఎవరు చేతితొడుగులు మరిచిపోతారో ఆమెకు తెలుసు. ఆ పని ఆమెకు జీతం ఒక్కటే కాదు, రోజుకు ఒక ఆకారం కూడా.

నవంబరులో, ఇంకా వెలుగు రాని ఒక ఉదయం, ఇసుకమిట్ట మలుపు దగ్గర అడవిదుప్పి బస్సుకు అడ్డం వచ్చింది. మా అడవిదుప్పి గుర్రాన్ని మించిన ఎత్తు. బస్సు తగిలి కాళ్ళు విరగ్గానే దాని ఒళ్ళంతా ముందు అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చి పడింది. సినిక్కా స్టీరింగు చక్రం వదలలేదు. బస్సు మెల్లగా పక్క గుంటలోకి ఒరిగి ఆగింది. పిల్లలకు గీతలూ వాపులూ తప్ప ఏమీ కాలేదు. ముందు సీట్లో కూర్చునే హిల్లా అనే ఏడేళ్ళ పిల్ల జుట్టునిండా గాజుముక్కలు. దుప్పి మాత్రం వెంటనే చావలేదు. సినిక్కా ముఖానికి జానెడు దూరంలో దాని కన్ను తెరుచుకునే ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా అది ఆమెను చూస్తున్నట్టే ఉంది.

మరునాడు స్థానిక పత్రిక ఆమె నిబ్బరాన్ని మెచ్చుకుంది. ఆ రోజునుంచే ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి.

ఆరోగ్యకేంద్రంలోని నర్సు మంచి మనిషి. పెద్ద మాటలేవీ చెప్పలేదు. చిన్న అలవాట్లు చెప్పింది. రోజూ ఒకే వేళకు లేవమంది. వెలుతురున్నప్పుడు కాస్త నడవమంది. వేడిగా ఏదైనా వండుకుని, కూర్చుని, నెమ్మదిగా తినమంది. గుండె దడదడలాడినప్పుడు పొట్టమీద చెయ్యి వేసి ఊపిరి నిదానంగా వదలమంది. చుట్టూ కనిపించేవాటి పేర్లు, వినిపించే చప్పుళ్ళు మనసులో చెప్పుకోమంది. చన్నీటి మునక అలవాటుంటే మానవద్దు, మితంగా చెయ్యమంది. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. మనసు తూలినప్పుడు శరీరం పట్టుకోవడానికి ఒక కమ్మీ కావాలి. అలవాటు అలాంటి కమ్మీ.

అయితే సినిక్కా కమ్మీని పట్టుకోలేదు, దానిమీద వేలాడింది. నడక పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, చీకటి పడ్డాక మరొకటి అయింది. ఊపిరి వదలడం ఒక పరీక్ష అయింది. వణుకు తగ్గకపోతే తాను సరిగ్గా వదల్లేదని మళ్ళీ మొదలుపెట్టేది. తిండి దగ్గర మరో చిక్కు వచ్చింది. ఓట్స్ జావ మధ్యలో వెన్నముద్ద వేసుకుని, అది కరిగి పసుపుపచ్చగా గుండ్రంగా నిలిస్తే దాన్ని మేం వెన్నకన్ను అంటాం. చిన్నప్పటినుంచీ తిన్న తిండి. ఒక ఉదయం గిన్నెలోంచి ఆ కన్ను ఆమెను చూసింది. గిన్నె తీసుకెళ్ళి మంచులో బోర్లించి వచ్చింది. ఆ తరవాత వెన్న లేకుండా, గోడవైపు చూస్తూ, కూర్చుని, నెమ్మదిగా, చెప్పినట్టే తినేది. చెప్పినవన్నీ చేస్తున్న మనిషికి ఏదీ పనిచెయ్యకపోవడంకన్నా పెద్ద నిరాశ ఏముంటుంది? ఏదీ చెయ్యనివాడికి కనీసం చేసి చూడాలన్న ఆశ మిగిలి ఉంటుంది.

జనవరిలో బస్సు యజమాని ఇల్పో, బాగుచేయించిన బస్సును తెచ్చి ఆమె వాకిట్లో నిలిపాడు. తాళంచెవి గుమ్మం పక్కన మేకుకు తగిలించి, "చలి ముదిరేట్టుంది" అని వెళ్ళిపోయాడు. ఆమెపై నమ్మకముందని చెప్పడానికి అతనికి తెలిసిన పద్ధతి అదే. ఈలోగా పాత వ్యానుతో అతనే పిల్లలను తిప్పుతున్నాడు. అతని తుంటి ఎముక అరిగిపోయింది. మార్చి మొదట్లో బడికి, పిల్లలు మంచుమీద జారి ఆడుకునే స్కీ సెలవులు. అవి ముగిసే సోమవారం అతని ఆపరేషను. ఆ సోమవారం సినిక్కా బస్సెక్కాలి. ఈ దారికి మరో డ్రైవరు లేడు. ఆమె ఎక్కకపోతే పిల్లలకు బడి లేదు. ఆమెకు ఆ పనీ లేదు. ఈ సంగతి అందరికీ తెలుసు. అప్పటికి ఆమె ఒక్కసారి కూడా బస్సులో కూర్చోలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఎవరూ అడగలేదు.

సెలవుల్లో శుక్రవారం మధ్యాహ్నం మేమంతా సరస్సు ఒడ్డున, సౌనా అనే ఆవిరిస్నానపు గది దగ్గర ఉన్నాం. గడ్డకట్టిన సరస్సులో చదరంగా కోసి, మళ్ళీ గడ్డకట్టకుండా పంపు పెట్టిన నీటిగుంట అక్కడ ఉంది. తలకు ఉన్నిటోపీ, కాళ్ళకు రబ్బరు చెప్పులతో నిచ్చెన దిగి, మెడదాకా మునిగి, నాలుగు ఊపిర్లు తీసి పైకి రావడం మా అలవాటు. ఆ తరవాత ఒంట్లో పాకే వేడికోసమే అంత చలిని భరిస్తాం. సినిక్కా ఆ నెలనాళ్ళూ రోజుకు మూడుసార్లు వచ్చేది. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు ఉండేది. చూసినవాళ్ళు, ఆమెకు ఏకాంతం కావాలి కాబోలుననుకుని బల్లమీద అటు తిరిగి కూర్చునేవారు.

ఆ రోజూ అటే తిరిగి కూర్చున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ కెర్తు పిర్హోనెన్ మాత్రం తువ్వాలు చుట్టుకుని గుంట అంచుదాకా నడిచింది. కెర్తు ఒకప్పుడు పాలకేంద్రంలో పనిచేసిన మనిషి. నోటికి అదుపు లేదని ఊళ్ళో పేరు.

"ఏమే, ఆ నీళ్ళలో కాపురం పెట్టావా?"

"ఇంకొంచెం." సినిక్కా పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఇంకొంచెం దేనికి? కింద చేపలకు పాఠం చెబుతున్నావా?"

"ఇంకొంచెం ఉండగలిగితే సోమవారం కూడా ఉండగలను."

"ఎక్కడ?"

సినిక్కా నిచ్చెనవైపు చెయ్యి చాచింది. వేళ్ళు ఇనుపకడ్డీమీద పడ్డాయి కానీ ముడుచుకోలేదు. ఆమె తన చేతిని వేరేవాళ్ళ వస్తువును చూసినట్టు చూసింది. మళ్ళీ ప్రయత్నించింది. గడ్డం నీళ్ళలోకి దిగింది.

"ఓయ్! కాఫీ తాగింది చాలు, ఇటు రండయ్యా!" అని కెర్తు అరిచింది. ఇద్దరు పరుగున వచ్చి సినిక్కాను చంకల కింద పట్టి పైకి లాగారు. అరనిమిషం ఆలస్యమై ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది.

ఒక్కసారిగా వేడి తగిలితే ప్రమాదమని ఆమెను సౌనాలోకి తీసుకెళ్ళకుండా బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టి, తడి తుడిచి, దుప్పట్లు చుట్టారు. పళ్ళు టకటకలాడడం తగ్గాక కెర్తు నల్లద్రాక్షరసం వేడిచేసి ఆమె చేతికిచ్చింది. మిగతావాళ్ళు మర్యాదగా బయటికి వెళ్ళబోయారు. అప్పుడు కెర్తు, మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అడిగింది.

"నీకేమైందే?"

ఒకాయన తన చెప్పులను శ్రద్ధగా పరిశీలించసాగాడు.

"ఏం లేదు."

"ఏం లేకపోతే చావబోయావా? సరిగ్గా చెప్పు. నేను ముసలిదాన్ని, మర్యాదలు చెయ్యడానికి నాకు తీరిక లేదు."

సినిక్కా చేతిలోని గ్లాసులోకి చూసింది. ఆ తరవాత వచ్చిన మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోతూ వచ్చాయి. "అన్నీ చేశాను కెర్తు. ఆవిడ చెప్పినవన్నీ చేశాను. నడిచాను, తిన్నాను, ఊపిరి పీల్చాను, వదిలాను. పొద్దున్నే లేచి కిటికీ, కుర్చీ, పొయ్యి అని పేర్లు చెప్పుకున్నాను. వాకిట్లో బస్సుంది. దాని పేరే చెప్పలేకపోతున్నాను. ఇంకేం చెయ్యాలి? ఇంకేం మిగిలిందని చెయ్యాలి?"

"బస్సెక్కావా?"

"తలుపు కూడా తీయలేదు."

"ఇల్పోకి తెలుసా?"

"అడగలేదు."

"అడుగుతాడా వాడు? వాళ్ళ తాత, ఇల్లు తగలబడుతుంటే పొరుగింటికెళ్ళి, 'ఇవాళ మా వైపు గాలి కాస్త వెచ్చగా ఉంది' అన్నాడు. సగం ఇల్లు కాలాక గానీ పొరుగువాళ్ళకు అర్థం కాలేదు."

సినిక్కా నవ్వలేదు. కానీ దుప్పట్లో ఆమె భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి. చాలాసేపు ఏడ్చింది. కెర్తు ఓదార్చలేదు, పక్కన కూర్చుని, ద్రాక్షరసంలో చక్కెర ఎక్కువైందని సణిగింది.

శనివారం కెర్తు బస్సెక్కి డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, "నన్ను కొట్టుదాకా దింపు, రొట్టెపిండి పొంగడానికి ఖమీరు కావాలి" అంది. సినిక్కా తాళంచెవి తిప్పింది. వాకిలి దాటింది. పొలం దాటింది. ఆమె పెదవులు వదిలే ఊపిరితో కదులుతూనే ఉన్నాయి. ఇసుకమిట్ట మలుపు ఇంకా కనిపించకముందే రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. చేతులు చక్రంనుంచి ఊడిరాలేదు. కెర్తు ఒక్కొక్క వేలూ విప్పవలసి వచ్చింది.

"నావల్ల కాదు," అంది సినిక్కా.

"ఆ మాట నాకెందుకు? చెప్పాల్సినవాడికి చెప్పు."

మా దగ్గర ఆ మాట చెప్పడం, మంచుగుంటలో దిగడంకన్నా కష్టం. నావల్ల కాదన్న మనిషిని ఎవరూ ఏమీ అనరు. ఇక ఏ పనీ అడగరు. సినిక్కా రోడ్డు పక్కనే ఫోను తీసింది.

"ఇల్పో, సోమవారం నేను నడపలేను."

"జ్వరమా?"

"కాదు. భయం."

"జనవరిలోనే చెప్పొచ్చుగా?"

"నువ్వడగలేదు."

"నువ్వు చెప్పలేదు."

"నిజమే. నీ ఆపరేషను..."

"నా తుంటి ఎక్కడికీ పారిపోదులే. పారిపోయినా కుంటుతూనే కదా పోవాలి." గొంతు సవరించుకున్నాడు. "వాయిదా వేస్తే మళ్ళీ శరదృతువుకి గానీ తేదీ ఇవ్వరు. సరే, ఏం చేస్తాం? నేనే నడుపుతాను. కానీ పిల్లలకు బెల్టులు పెట్టడానికి నేను వంగలేను. నువ్వొచ్చి ఆ పని చూడు."

దీన్ని విజయమని నేననను. ఒక మనిషి నొప్పిని మరో మనిషి తుంటి మోయవలసి వచ్చింది. నర్సు చెప్పిన అలవాట్లు మంచివే. కానీ ఎంత మంచి అలవాటైనా నోరు విప్పి చెప్పవలసిన మాటకు బదులు పనిచెయ్యదు. అంతకు మించి ఇందులోంచి నీతి లాగడం నాకిష్టం లేదు.

సోమవారం పొద్దున ఇల్పో మూలుగుతూ డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. సినిక్కా సీట్ల మధ్య దారిలో నిలబడి ఒక్కొక్క పిల్లకూ బెల్టు పెట్టింది. ఒక్కో బెల్టుకు రెండుసార్లు ప్రయత్నించవలసి వచ్చింది. హిల్లా ఎక్కి, ముందు సీటువైపు చూడకుండా చిట్టచివరి వరుసకు వెళ్ళిపోయింది. పాత వ్యానులో కూడా చలికాలమంతా ఆ పిల్ల చివరే కూర్చుందని ఇల్పో చెప్పాడు. వెనక కుదుపులు ఇష్టం కాబోలనుకున్నాడట.

సినిక్కా వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ముందు కూర్చోవేం?"

హిల్లా భుజాలు ఎగరేసింది. "నువ్వెందుకు నడపట్లేదు?"

"భయమేస్తోంది."

పిల్ల తల తిప్పి ఆమెను పరీక్షగా చూసింది. పెద్దవాళ్ళ నోట ఆ మాట ఎప్పుడూ విన్నట్టు లేదు.

"దుప్పికా?"

"ఊఁ. నీకు?"

"ముందు కూర్చుంటే అద్దంలోంచి వస్తుంది. నిద్రలో కూడా వస్తుంది." గొంతు తగ్గించింది. "అమ్మకి చెప్పకు. అమ్మ అడగలేదు."

బస్సు పొలాలు దాటి అడవిలోకి తిరిగింది. సినిక్కా అరచేతులు తడిసిపోయాయి. అమ్మకు చెప్పనని ఈ పిల్లకు మాట ఇచ్చేసి ఊరుకోవడం ఎంత సులభమో ఆమెకు తెలుసు. ఊరంతా దాన్ని మర్యాదే అంటుంది.

"చెబుతాను," అంది. "సాయంత్రం మీ ఇంటి దగ్గర నీతోపాటు దిగుతాను. ఇద్దరం కలిసి చెబుదాం."

హిల్లా ముఖం ముడుచుకుని కిటికీవైపు తిరిగిపోయింది. బడిదాకా మళ్ళీ మాట్లాడలేదు. సినిక్కా పక్కనుంచి లేవలేదు.