కర్రకు రెండు మూతలు

నా చిన్నప్పుడు అంబాజీపేటలో మా పెద్దనాన్నగారింట్లో అన్నిటికన్నా గారాబంగా పెరిగిన వస్తువు ఒక బిలియర్డ్స్ కర్ర. పెద్దనాన్నకు కొబ్బరి వ్యాపారం. సాయంత్రం లారీలు కదలగానే కర్రను సంచిలో పెట్టుకుని, బస్సెక్కి అమలాపురం క్లబ్బుకు వెళ్లేవారు. బొంబాయి స్నేహితుడు ఇచ్చిన ఆ కర్ర రెండు ముక్కలుగా ఉండేది. ఒకదాని చివర ఇత్తడి మర, రెండోదానికి ఆ మర దిగే రంధ్రం. కలిపి తిప్పితే ఒకటే కర్ర.

ఆ వానాకాలం రంధ్రంలోకి తేమ, కొబ్బరిపీచు దుమ్ము చేరి అతుకు దగ్గర కిర్రుమనడం మొదలైంది. ఓడిపోయి వచ్చిన ప్రతిసారీ ఆయన ఆ చప్పుడునే తిట్టేవారు. బొంబాయిలో ఇలాంటి వాటికి మూతలు అమ్ముతారట. మా వైపు ఎక్కడ దొరుకుతాయి? చివరికి ఆయనే ఒక జామకొమ్మ చెక్కి, రంధ్రంలో పెట్టి, సుత్తితో దిగగొట్టేశారు. ఇక గాలి కూడా దూరదని మాకు చూపించి మురిసిపోయారు.

తరవాత ముసురు పట్టింది, వదల్లేదు; క్లబ్బుకు వెళ్లడం కుదరలేదు. ఆదివారం సాయంత్రం కాకినాడ వాళ్లతో పోటీ. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మూత తీయబోతే రాలేదు. తేమకు ఉబ్బి బిగుసుకుపోయింది. పట్టకారుతో లాగితే పైకున్న కొస విరిగి చేతిలోకి వచ్చింది కాని, లోపలి ముక్క కదల్లేదు. పెద్దనాన్న ముఖం ఎర్రబడింది. ఆ చివరే కోసేస్తానని రంపం తెమ్మన్నారు.

రంపం వచ్చేలోగా పెద్దమ్మ కర్రను తన ఒళ్లోకి తీసుకుంది. ఆవిడ ఆ ఆట ఎన్నడూ చూడలేదు. సన్నటి మరమేకు ఒకటి వెతికి, ఆ జామముక్క నడిమధ్యలో మెల్లగా తిప్పింది. మేకు గట్టిగా పట్టుకున్నాక, నన్ను కర్ర అదిమి పట్టుకోమని, పట్టకారుతో మేకుని అటూ ఇటూ తిప్పుతూ లాగింది. చాలాసేపటికి ముక్క ఊడి వచ్చింది. కర్రకు చిన్న పగులైనా పడలేదు.

"అంత బిగగొట్టేసేరేంటండీ? మూతన్నాక మళ్లీ ఊడి రావాలి కదండీ," అంది పెద్దమ్మ.

"ఆయ్, నిజమే," అన్నారు పెద్దనాన్న.

రంధ్రంలోని దుమ్మూ తేమా తుడిచి, అప్పుడే కొత్త మూతలకు కూర్చుంది పెద్దమ్మ. విరిగిన కవ్వం కొస బాగా ఎండిన చెక్క. దాన్ని రంధ్రం కన్నా కాస్త సన్నంగా చెక్కి, పాత పట్టు రవికె గుడ్డ చుట్టి దారంతో కుట్టింది. మర ఉన్న ముక్కకు మందుసీసా బిరడా సరిపోయింది. దాన్ని కాల్చిన ఊచతో తొలిచి మర మీద తొడిగింది. అన్నీ అయ్యాక నన్ను పిలిచి, రెండు వేళ్లతో తీయమంది. మొదటిసారి రాలేదు. గుడ్డ ఒక చుట్టు తగ్గించింది. ఈసారి వచ్చింది. కర్ర తలకిందులు చేస్తే మాత్రం పడలేదు.

"నీ చేతికొచ్చిందంటే ఇంకెవరికైనా వస్తుందమ్మా," అంది.

తరవాత పెద్దనాన్నతో, తానూ వచ్చి ఆట చూస్తానంది. ఆడవాళ్లు ఆ క్లబ్బుకు వెళ్లే అలవాటు లేదు. ఆయన కర్రను సంచిలో పెట్టుకుని, పద, అన్నారు. నన్నూ వెంటబెట్టుకున్నారు. అక్కడ అందరి ముందూ మూతలు తీసింది నేనే. పెద్దమ్మ గోడవారన కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక్క దెబ్బా వదలకుండా చూసింది. కర్ర కిర్రుమనలేదు. పెద్దనాన్న కొద్దిలో ఓడిపోయారు. తిరిగొచ్చే బస్సులో మాత్రం, కర్ర తప్పేమీ లేదనీ, తనే సరిగ్గా కొట్టలేదనీ ఆయనే చెప్పారు. ఆ మాట ఆయన నోట అంతకుముందు మేమెవరమూ వినలేదు.

కాపాడటం వేరు, బిగించడం వేరని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఏళ్ల తరవాత మా అమ్మాయి మొదటిసారి ఒక్కతే స్కూటీ మీద రావులపాలెం వెళ్తానన్నప్పుడు, వద్దనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. తాళంచెవి ఇచ్చి, వాన గట్టిగా పడితే ఎక్కడైనా ఆగమని మాత్రం చెప్పాను. ఇప్పుడు మనవల విషయంలోనూ అంతే. నాకు భయం లేక కాదు, ఎంత పట్టు చాలో మా పెద్దమ్మ నా వేళ్లకు నేర్పింది.