ఏనుగు రాలేదన్న ఏఐ

మొన్నటి వానాకాలంలో జవళగిరి నుంచి డెంకణికోట పోయే బస్సులో ఒక పెద్దామె నా పక్కన గోనెసంచితో కూర్చుంది. కండక్టర్ ముక్కు మూసుకున్నాడు.

"ఏందమ్మా అది?"

"ఏనుగు లద్దె అప్పా. మా రాగిచేనంతా తొక్కి పోయింది. ఏఐ అంట, పైనుంచి తీసిన ఫోటో చూసి, ఏనుగే రాలేదనిందంట. తాలూకా ఆఫీసులో నా పంటనష్టం అర్జీ కొట్టేసినారు."

అలాంటి ఫోటోలు చదివే ప్రోగ్రాములు రాయడమే నా ఉద్యోగం. "మబ్బులుంటే అది పొరబడుతుందమ్మా," అన్నాను.

"పడనీ. తప్పని ఒప్పుకునేదానికి ఆడ ఒక మనిషి ఉండాల కదప్పా?"

తాలూకా ఆఫీసు దగ్గర సంచి నా చేతికిచ్చి, ముందు తాను దిగింది.

"టేబుల్ మీద కుమ్మరిస్తా. ఇది ఏనుగుది కాకుంటే ఎవురిదో ఆ ఏఐనే చెప్పమంటా!"

నా స్టాపు ఇంకా రాలేదు. సంచి పట్టుకుని నేనూ దిగాను.