గేలాల ఉత్తరం

ఆనందపురంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నామె, రెండు చేతుల మధ్య ఒక ఫ్లాపీని పిట్టపిల్లను పట్టినట్టు పట్టుకుంది. ఊళ్లు తిరిగే ముసలివాణ్ణి, పలకరించకుండా ఉండలేను.

పేరు గౌరీశ్వరి. రైతు ఇంటి పిల్ల. తెలుగు టైపు హయ్యరు పాసై, మిషన్లు మూలపడ్డాక సీతమ్మధారలో ఇంటర్నెట్ సెంటరు పెట్టింది. ఇది 2004 నాటి మాట.

ఆ వీధిలో చేపలమ్మే గంగాలమ్మ మొగుడు గవర్రాజు, వేట మానేసి విదేశీ సరుకు ఓడలో ఖలాసీగా చేరాడట. ఎల్లుండి ఓడ రేవుకు చేరగానే మరో తొమ్మిది నెలల పనికి సంతకం పెట్టమంటున్నారు ఓడవాళ్లు. వద్దు, వచ్చేయమని గంగాలమ్మ చెప్పాలి. ఎందుకు రావాలో అతనొక్కడికే తెలియాలి. అతనికి వచ్చింది తెలుగు చదువొక్కటే. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇంకొకరు చదివి వినిపించాలి. అందుకని గౌరీశ్వరి తెలుగులోనే కొట్టి పంపింది. అక్కడ అన్నీ ప్రశ్నార్థకాలై తేలాయి. ఇన్ని ప్రశ్నలేమిటని అతను ఎవరిచేతో జవాబు రాయించాడు. జవాబు కింద తిరిగొచ్చిన ఆ కొక్కేల్లాంటి గుర్తులు చూసి గంగాలమ్మ, "ఉత్తరం రాయమంటే ఇన్ని గేలాలేటమ్మా?" అందట.

ఓడలో కంప్యూటరు కొత్తది, తెలుగు అక్షరాలున్నాయని ఈమె వాకబు చేసింది. మూడుసార్లు మళ్లీ పంపింది. మళ్లీ గేలాలే. ఆ ఉత్తరాన్ని ఫ్లాపీలో పెట్టుకెళ్లి ఆనందపురంలో కంప్యూటరు పాఠాలు చెప్పేవాణ్ణి అడిగితే, ఇంగ్లీషులో రాసి పారేయమన్నాడు.

"నాను రాయను మాస్టారూ. అది ఆలుమగల మాట. ఓడంతా ఇనాలేటి?" అంది నాతో.

నాకు తాటాకుల కట్టలు గుర్తొచ్చాయి. గ్రంథాలయాల్లో ప్రతి కట్టకూ చీటీ ఉంటుంది: భాష సంస్కృతం, లిపి తెలుగు. ఒక ఊళ్లో చీటీ ఊడిన కట్ట ఒకటి, ఎవరూ చదవలేక, నలభై ఏళ్లు అటకమీద పడుంది. ఆ సంగతి ఆమెకు చెప్పాను.

"ఆకుమీద అక్షరం చెడలేదమ్మా. ఏ లిపో చెప్పే చీటీ లేదు, అంతే," అన్నాను.

ఆమె గబుక్కున నావైపు తిరిగింది.

"లిపి ముందే సెప్పాల?"

మెయిలు పంపే చోట, అక్షరాలు ఏ లిపివో చెప్పే చీటీలాంటిది, ఎన్‌కోడింగ్ అని ఒకటుందట. అది మొదట్నుంచీ ఇంగ్లీషు మీదే ఉంది. "తెలుగు పట్టే యూనికోడ్ అని మార్సనేదు నాను," అంది, తనలో తనే.

రంగూనులో చూసిన తాటాకుల సంగతి ఎత్తుకున్నాను. మధురవాడలో బస్సు ఆగింది. రోడ్డవతల ఇంటర్నెట్ బోర్డు. ఆమె టిక్కెట్టు మద్దిలపాలెం దాకా. నా వాక్యం పూర్తికాకముందే పక్క సీటు ఖాళీ. కిటికీలోంచి చూస్తే, ఫ్లాపీని తలపైకెత్తి ఆటోల మధ్య నుంచి రోడ్డు దాటుతోంది. వెనక్కి తిరిగి చూడలేదు.