తిజాని మామ, దొంగ రబ్బరు

తిజాని మామ చేతులు మోచేతుల దాకా మురుగు గుంతలో ఉన్నాయి. నోరు రబ్బరును తిడుతోంది. లోకంలో ఏ తప్పు జరిగినా అది రబ్బరుదే అనడం ఆయన జబ్బు.

"టీ చల్లారిందేం మామా?" అంటే "ఫ్లాస్కు మూత రబ్బరు!" అంటాడు. ఓసారి పెళ్లాంతో పోట్లాడి నుదుట బొప్పితో వచ్చాడు.

"ఇందులో రబ్బరెక్కడుంది మామా?"

"చెప్పు అడుగున!"

మా పాతబస్తీ సందుల్లో బరువు మోస్తున్న గాడిద ఎదురొస్తే మనిషే వెనక్కి నడవాలి. లోతుగా తవ్వితే గోడలు కూలతాయి. అందుకని మురుగు పోవడానికి పైపైనే సన్నగొట్టాలు వేశారు. ఊరి చివర పంపు వాటిలోంచి గాలి లాగుతుంటుంది. గడప ముందు గుంత నిండగానే వాల్వు తెరుచుకుని, మురుగును గుటుక్కున మింగి మూసుకుంటుంది. ఒక్క వాల్వు నోరు తెరుచుకుని ఉండిపోయిందా, గాలి దూరి సందు సందంతా పొంగుతుంది. అప్పుడు మమ్మల్ని పిలుస్తారు. నేను పానాలు అందిస్తాను, మామ తిడతాడు.

ఈ శుక్రవారం పొంగింది మన్నూబియా అత్త సందు. బుసబుస చప్పుడు ఆవిడ గడప ముందే. జనం మూగారు.

"కొండమీది నుంచి తెచ్చుకున్న కోడలు ఏదో పడేసుంటుంది," అంది ఎదురింటావిడ.

"అదే నిజమైతే సాయంత్రానికి దాన్ని పుట్టింటికి పంపేస్తా! ఈ సందులో తలెత్తుకు తిరిగినదాన్ని నేను," అంది అత్త. టీ పళ్లెం తెచ్చిన కొత్తకోడలు వస్సీలా మొహంలో రక్తం లేదు.

మామ వాల్వు విప్పాడు. లోపల పిండి అంటిన పొడుగాటి గుడ్డపేలిక. కుస్‌కుస్ రవ్వ ఉడికించేటప్పుడు ఆవిరి పోకుండా కింది నీళ్ల గిన్నెకూ పై గిన్నెకూ మధ్య చుట్టేది. నేను నోరు తెరవబోయాను. మామ బూటుతో నా కాలు తొక్కాడు. పేలిక బురద బకెట్లోకి, జేబులోని చిరిగిన రబ్బరు రింగు చేతిలోకి వచ్చేశాయి.

"చూశారా! దొంగ రబ్బరు!"

జనం ఉసూరుమంటూ కదిలారు.

ఆ రింగు నాకు బాగా తెలుసు. రొట్టెల కొట్టు ముందు చూపించిందీ అదే, పెట్టుడు పళ్ల పంతులుగారి గడప ముందు చూపించిందీ అదే. ఆ పూట పంతులుగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఎందుకు మాట్లాడారో నాకిప్పుడు తట్టింది.

"అయితే మామా, ఇన్నేళ్లూ..."

"పానా ఇయ్యరా. రబ్బరుకి అత్తగారుండదు."

బిగించాం. వాల్వు గుటుక్కుమంది, సందులో నీళ్లు దిగాయి. లోపలి నుంచి అత్త కేక: "వస్సీలా! నీళ్లు మరుగుతున్నాయి, పేలికేదే?"

మామ సబ్బుతో చేతులు రెండుసార్లు తోముకున్నాడు. నమాజుకని సంచిలో మడిచిపెట్టుకున్న తెల్లటి తలగుడ్డ అంచు బారున చింపాడు. ఆ పేలికను టీ పళ్లెం కింద మడిచిపెట్టి, పళ్లెం గడపలో నిలబడ్డ వస్సీలా చేతికిచ్చాడు.

"పని పూర్తయింది తల్లీ, చూసుకో," అన్నాడు, అత్తకు కూడా వినపడేలా.