మాబున్నీసా టైపు మిషను

సత్తార్‌కు నలభై రోజుల ఫాతిహా చదివించిన మర్నాడు ఆఫీసు నుంచి కబురొచ్చింది. మాచర్లలో ఒక సర్కారు ఆఫీసులో పన్నెండేళ్లు తెలుగు టైపిస్టుగా చేసి, ఎనభై నాలుగు జనవరిలో గుండెనొప్పితో పోయిన మనిషి అతను. అతని బదులు భార్య మాబున్నీసాకు పని ఇస్తామన్నారు. ఆమె పదో తరగతి గట్టెక్కింది. జూన్ మొదట్లో జరిగే టైపు పరీక్ష పాసైతే టైపిస్టు పని, కాకపోతే అదే ఆఫీసులో ఊడ్చి నీళ్లు పట్టే పని. ఆ తర్వాతి పరీక్ష దాకా ఖాళీ ఆపడం కుదరదన్నారు.

ఊడ్చే పని తక్కువదని ఆమె అనుకోలేదు. కానీ సత్తార్ కూర్చున్న బల్ల కింద తాను చీపురు పట్టుకుని వంగడం కళ్లకు కట్టినట్టు కనపడింది. అది మాత్రం జరగనివ్వను అనుకుంది.

చిక్కల్లా ఇద్దత్‌తోనే. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల కంట పడకూడదు. అది మే నెలాఖరుకు గానీ తీరదు. బస్టాండు దగ్గర హనుమయ్య మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూటు ఉంది గానీ, అక్కడికి వెళ్లేదెట్లా? అవసరానికి పోవచ్చని చెప్పేవాళ్లూ ఉన్నారు. మాబున్నీసా వినలేదు. సత్తార్ కోసం ఇక తాను చెయ్యగలిగింది ఆ కొన్నాళ్లు పాటించడమే. కాబట్టి మిషనే ఇంటికి రావాలి.

అత్త కరీమున్నీసాకు ఇది నచ్చలేదు. కొడుకు పోయిన ఇంట్లో పొద్దస్తమానం ఆ టకటకలేమిటి, నలుగురూ ఏమనుకుంటారు అంది.

“మనం ఏడ్చినప్పుడు వీధంతా వినపడింది గదా అత్తమ్మా. ఇది వినపడితే తప్పేంది?” అంది మాబున్నీసా.

పెట్టెలో దాచిన బంగారు గాజులు రెండూ తీసి, అమ్మి మిషను తెమ్మని అన్న దావూద్‌కు ఇచ్చింది. అతను పిడుగురాళ్లలో లారీ మెకానిక్కు. నాలుగు రోజుల్లో ఎవరో వాడిన మిషను ఒకటి గోనెపట్టాలో చుట్టి తెచ్చి దించాడు.

“ఏమే మాబూ, చూడవే. కండిషన్‌లో ఉంది. పదేళ్లు స్పానరు పెట్టే పనుండదు” అన్నాడు.

మాబున్నీసాకు టైపు రాదు. కానీ సత్తార్ కొట్టిన కాగితాలు ఎన్నో చూసింది. పాడైన కాపీలు ఇంటికి తెస్తే అలమరలో డబ్బాల కింద పరిచేది ఆమే. కాగితం ఎక్కించి, ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ ఒంటి వేలితో సత్తార్ అని కొట్టింది. త కింద ఉండాల్సిన వత్తు పక్కకు జారి పడింది. పది సార్లు కొట్టింది. పది సార్లూ అట్లాగే జారింది.

ఎక్కడ తెచ్చావో అక్కడే ఇచ్చెయ్యమంది. దావూద్‌కు కోపమొచ్చింది. ఒక్క వత్తు కోసం అంత బరువు మళ్లీ మోయమంటావా అన్నాడు.

“ఆయన పేరే సరిగా పడని మిషను నాకెందుకు భాయ్?”

దావూద్ గోనెపట్టా మళ్లీ చుట్టాడు. తన వంతు ఇంకొంత వేసి, ఈసారి గుంటూరు నుంచి కొత్తది తెచ్చాడు. లేత ఆకుపచ్చ రంగు, కొత్త నూనె వాసన. నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగివ్వాలని షాపువాళ్ల మాట. మాబున్నీసా మధ్యాహ్నం మొదలుపెట్టి ఒక్క మీటా వదల్లేదు. ప్రతి అక్షరం, దాని గుణింతం, దాని వత్తు కొట్టి చూసింది. వరస చివర గంట మోగుతోందా, రిబ్బను చుట్టు తిరుగుతోందా అని చూసింది. ఒక మీట నొక్కితే వెంటనే పైకి రావడం లేదు. దావూద్ చేత మూత తీయించి, కింద ఇరుక్కున్న కాగితం పీలిక బయటికి లాగించింది.

“పెళ్లప్పుడు బావను కూడా ఇంత సేపు చూసుండవు” అన్నాడు దావూద్ మూడో టీ తాగుతూ.

ఆమె పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. రెండు నెలల్లో అదే మొదలు. మిషను ఉంచెయ్యమంది.

ఆ ఇంట్లో బల్ల లేదు. వంటింటి పెద్ద పీట తెచ్చి, దాని మీద మిషను పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని ఎదురుగా కూర్చుంది. కూర తరిగినా, బియ్యం ఏరినా, బట్ట కుట్టినా నేల మీదే కూర్చుని చేసిన మనిషి. కూర్చునే తీరుతో వేళ్లకు తేడా వస్తుందని తట్టనే లేదు.

దావూద్ వెళ్లి అడిగిన మీదట హనుమయ్య మాస్టారు రోజూ మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. గుమ్మానికి దుప్పటి పరదా. శిష్యురాలు కనపడకుండా పాఠం చెప్పడం ఆయనకూ కొత్తే. మొదట ఏ వేలు ఏ మీట మీద ఉండాలో అట్ట మీద గీసి పరదా కింద నుంచి పంపాడు. ఆ తర్వాత కళ్లు మూసుకుని వినేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడు మధ్య బతికిన చెవులు ఆయనవి.

“అమ్మాయ్, నీ ఎడమ చిటికెన వేలు మొహమాట పడతా ఉంది” అన్నాడొక రోజు.

“మీకెట్టా తెలిసింది మాస్టారూ?”

“మిగతా వేళ్లు దబదబా తలుపు కొడతన్నాయి. అదొక్కటే గుమ్మంలో నిలబడి చూస్తంది. వినపడదా ఏంది?”

ఆ వారమంతా ఆమె చిటికెన వేలితోనే కొట్టింది. ఏప్రిల్ ఎండలకు మీటలు వేడెక్కేవి. తడిగుడ్డతో తుడిచి మళ్లీ కూర్చునేది. వేళ్ల కొసలు పగిలితే వెన్న రాసుకునేది. తెల్లవారి నమాజు నుంచి పొయ్యి ముట్టించేదాకా, అంట్లు తోమాక మాస్టారు వచ్చేదాకా అదే పని. టకటకలు కాసేపు ఆగితే, ఏమే, పడుకున్నావా అని అత్తే లోపల నుంచి అడగడం మొదలుపెట్టింది. మే నెల సగానికి వచ్చేసరికి మాస్టారు అరుగు మీద తల ఊపుతూ, ఇక భయం లేదు అన్నాడు.

ఇద్దత్ తీరిన రోజు తలంటు పోసుకుని, బురఖా వేసుకుని, అత్తను వెంటబెట్టుకుని ఇన్‌స్టిట్యూటుకు వెళ్లింది. పరీక్షకు ఆరు రోజులుంది. కుర్చీలో కూర్చుని బల్ల మీద మిషను ముందుకు చేతులు చాచింది. వేళ్లు ఎక్కడ పడాలో అక్కడ పడలేదు. మణికట్లు గాల్లో తేలినట్టయింది, భుజాలు పట్టేశాయి. పేజీలో ఇరవై తప్పులు దొర్లాయి. రోజూ విన్న చప్పుడు ఇది కాదని మాస్టారు తెల్లబోయాడు. ఇంట్లో ఎట్లా కూర్చుంటావని అడిగాడు. పీట సంగతి చెప్పింది.

ఆయన నవ్వాడు, ఆ వెంటనే తల పట్టుకున్నాడు. “నాదేనమ్మా తప్పు. వేళ్లను విన్నాను గానీ, ఎక్కడ కూర్చున్నావని అడగలేదు” అన్నాడు.

రెండు రోజులు కుర్చీలోనే తంటాలు పడింది. తప్పులు పదిహేనుకు దిగాయి, అంతకంటే దిగలేదు. మాస్టారు వచ్చే పరీక్షకు చూద్దామనబోయి, ఆమెకు వచ్చే పరీక్ష లేదని గుర్తొచ్చి ఆగిపోయాడు. మూడో రోజు ఆమె అడిగింది.

“కుర్చీలోనే కూర్చోవాలని రాసుందా మాస్టారూ?”

ఆయన రూల్సు కాగితాలు తీసి రెండు సార్లు చదివాడు. ఎవరి మిషను వాళ్లు తెచ్చుకోవచ్చని ఉంది. కూర్చోవడం గురించి ఒక్క ముక్క లేదు. కానీ నవ్వుతారమ్మా అన్నాడు. నవ్వనివ్వండి అంది.

నరసరావుపేటలో ఒక బడిలో పరీక్ష. ఆమె దుప్పట్లో మిషను మూటగట్టి, తొలి బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. పీట చేత్తో పట్టుకుంది. హాల్లో బల్లల వరసలు వదిలేసి గోడ వారన పీట వేసి, మిషను పెట్టి కూర్చుంది. కుర్రాళ్లు కొందరు కిసుక్కుమన్నారు. పరీక్ష చూసే ఆఫీసరు గబగబా వచ్చాడు.

“ఏందమ్మా ఇది, పరీక్షా, పప్పు రుబ్బటమా?”

“మిషను తెచ్చుకోవచ్చన్నారు, తెచ్చుకున్నాను సార్. కుర్చీ ఎక్కాలని ఇందులో లేదు” అని హాల్‌టికెట్టు చూపింది.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వెనక అచ్చేసిన రూల్సులో నిజంగానే ఆ మాట లేదు. ఎవరికీ అడ్డం రాకూడదన్నాడు. గోడ పక్కనే ఉన్నాను గదా అంది.

గంట కొట్టారు. ఆమె ఇంకెవరి వైపూ చూడలేదు. మూడో వరసలో ఒక తప్పు పడ్డట్టు వేలికి తెలిసింది. ఆగితే మిగతావీ చెడతాయని ముందుకు పోయింది. మళ్లీ గంట కొట్టేసరికి కొట్టడం పూర్తయి కాగితం ఆమె చేతిలో ఉంది. ఆఫీసరు దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి సంతకం పెట్టాడు.

ఆగస్టులో హనుమయ్య మాస్టారు ఎండన పడి వచ్చి, పాసయ్యావమ్మా అన్నాడు. కరీమున్నీసా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మాబున్నీసా ఆయనకు చెంబుతో మంచినీళ్లిచ్చి, చేరమనే కాగితం ఎప్పుడొస్తుందని అడిగింది. పది పదిహేను రోజులు పట్టొచ్చన్నాడు.

ఆయన వెళ్లగానే ఎదురింటి దయామణి టీచరు దగ్గరికి వెళ్లి కుర్చీ, బల్ల అడిగి తెచ్చుకుంది. ఆఫీసులో నేల మీద కూర్చోనివ్వరు. బల్ల మీదికి మిషను ఎత్తి పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, మొదటి పాఠం నుంచి మొదలుపెట్టింది.