ఇనస్పెక్టరుగారికి విజయనగరం చూపించడం

మొన్న మా మేనల్లుడు ఫోన్లో ఒక వీడియో పంపించాడు. ఎవరో కుర్రాడు, నెత్తిన టోపీ, మెడలో కెమెరా, కోట గుమ్మం ముందు నిలబడి చేతులు తిప్పుతూ "విజయనగరాన్ని ఊరివాళ్ళలా రెండు రోజుల్లో చూసెయ్యండి" అంటున్నాడు. ఫలానా చోట టిఫిను తినాలట, ఫలానా గోడ దగ్గర ఫొటో దిగాలట. చూస్తున్నంతసేపూ నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరివాళ్ళలా చూడ్డమట! ఊరివాడు కోట ఎప్పుడు చూశాడు నాయనా? నేను పుట్టి పెరిగిన ఊరది. పెళ్ళయ్యేదాకా గంటస్తంభం పక్కనుంచే కాలేజీకి నడిచాను, ఒక్కనాడూ తలెత్తి దాని మొహం చూసిన పాపాన పోలేదు. పాపం ఆ కుర్రాడేం చేశాడు, నా మంట వేరు. అలాంటి రెండు రోజుల సంబరం నేనూ ఒకసారి తలపెట్టాను. అది ఎలా తగలబడిందో చెప్తాను వినండి.

పెద్ద తుపాను వచ్చి మా వైపు చెట్లన్నీ కూల్చి వెళ్ళిన మరుసటేడు. అప్పుడు రాజమండ్రిలో ఉండేవాళ్ళం. మావారు తూనికలు కొలతల శాఖలో ఇనస్పెక్టరు. కొట్లకి వెళ్ళి తక్కెడలు సరిగ్గా ఉన్నాయా, తూకం రాళ్ళ మీద ముద్రలున్నాయా అని చూసే ఉద్యోగం. గోదావరి మనిషే అయినా వెటకారం లేదు, మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. తనిఖీకి వెళ్ళిన కొట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు, రోహిణికార్తె ఎండల్లో సైతం ఇంటినుంచి సీసా మోసుకెళ్తారు. ఆ ఏడు బదిలీల్లో ఏలూరు కావాలా, విజయనగరం కావాలా అని ఆయన్నే అడిగారు. సోమవారం రాసివ్వాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఊరూరూ తిరుగుతూ, నోట్లోంచి "ఏటి" అని జారితే పక్కింటావిడ నవ్వుతుందని నాలిక కరుచుకుంటూ బతికినదాన్ని. కూరలవాడితో కూడా మాట సర్దుకుని మాట్లాడాలంటే ఎంత అలుపో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. నా నోటితో నేను మాట్లాడుకునే ఊరు కావాలి నాకు, అంతే. "ఏముంది మీ ఊళ్ళో?" అన్నారాయన. సెలవు దొరక్క పుట్టింటికి ఎప్పుడూ నన్నొక్కదాన్నే పంపేవారు. పెళ్ళినాడు పందిట్లోంచి చూసిందే తప్ప నిజంగానే ఆయనకి మా ఊరు తెలీదు. "శనాదివారాలు రండి, చూపిస్తాను. నచ్చకపోతే ఏలూరే రాయండి" అన్నాను.

ఒకటే షరతు పెట్టుకున్నాను. చుట్టాలకి చెప్పకూడదు. మా నాన్న పోయాక అమ్మ వైజాగులో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది కాబట్టి మాకంటూ దిగే ఇల్లు లేదు, లాడ్జీలో దిగితే అడిగేవాళ్ళుండరు. మావాళ్ళంతా వ్యాపారస్తులు. ముందు కొట్టు, వెనక ఇల్లు, కొట్లోంచి నడిస్తేనే ఇంట్లోకి దారి. వాళ్ళకి తెలిసిందా, ఇక ఊరు కనపడదు, విస్తరి ఒక్కటే కనపడుతుంది. ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో తినకపోతే ఆ మాట నాలుగు పెళ్ళిళ్ళదాకా నడుస్తుంది. అందుకని దొంగల్లా వెళ్ళాం. శనివారం పొద్దున్నే స్టేషను దగ్గర లాడ్జీలో సంచీ పడేసి, స్నానాలు చేసి, కోటకని లాడ్జీ గుమ్మంలోనే ఆటో ఎక్కాం.

అక్కడే చెడింది. ఆటో అతను వెనక్కి తిరిగి "ఏ ఊరమ్మా మనది?" అన్నాడు. ఆ యాస చెవిన పడేసరికి నాకు ఆనందం పొంగుకొచ్చి, "ఏటి బాబూ, సూస్తే తెల్దేటి? మాదీ ఊరే!" అనేశాను. ఎన్నేళ్ళకి నోరారా అన్నానో! "ఎవరమ్మాయివి?" అన్నాడు. మా నాన్న బెల్లం కొట్టు గుర్తు చెప్పాను, గొప్పగా. అతను బండి ఆపి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "అయ్యో, అల్లుణ్ణి లాడ్జీలోన దించినావేటమ్మా? మీ మేనత్తకి తెలిస్తే బాగుంటాదేటి?" అని, అడిగిన పాపాన పోకుండా ఆటో వెనక్కి తిప్పి తిన్నగా మా అత్తయ్య గుమ్మంలో దించాడు. డబ్బులు తీసుకోలేదు సరికదా, తనే వెళ్ళి లాడ్జీలోంచి మా సంచీ కూడా తెచ్చి అరుగు మీద పెట్టాడు.

అత్తయ్య మా నాన్నకి అక్క. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. "ఒసే, సెప్పకుండా ఒచ్చీసినావేటే? నాను సచ్చిపోనాననుకున్నావా?" అని నన్ను తిట్టి, అదే ఊపిరితో "బాబూ, మీరు కూకోండి" అని మావారికి కుర్చీ వేసింది. దిబ్బరొట్టె పెట్టింది. లేవబోతే పనసపొట్టు ఆవపెట్టి కూర చేస్తున్నానంది. కూర అయ్యి, మేం తిని, చెయ్యి కడిగేసరికి ఎండ వాలిపోయింది. గంటస్తంభం దాకా నడిచామో లేదో బాబాయి ఎదురొచ్చాడు. మా నాన్న తమ్ముడు, నాన్న తరవాత బెల్లం కొట్టు ఆయనదే. "అక్క ఇంట్లో తిన్నారంట. మావేటి పరాయోళ్ళమా?" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికొస్తామని మాటిస్తే తప్ప చెయ్యి వదల్లేదు. ఈలోపల రాత్రికి ఒకరు, పొద్దున టిఫినుకి ఇంకొకరు. అన్ని ఇళ్ళలోకీ కొట్లోంచే దారి. మావారు తక్కెడల పక్కనుంచి నడిచినప్పుడల్లా తల తిప్పుకునేవారు. కోట చూశామా అంటే చూశాం, ఒకరింటినుంచి ఇంకొకరింటికి ఆటోలో పోతూ. "అదే కోట" అన్నాను. ఆయన తిరిగేలోపల బండి సందులోకి మళ్ళింది.

ఆదివారం బాబాయి ఇంట్లో నాకు ఇక ఆగలేదు. పిన్ని పూర్ణాలు వేస్తుంటే విస్తరి మీద చేతులడ్డం పెట్టి, "మమ్మల్నొదిలీండి పిన్నీ! మీకు దణ్ణం పెడతాను. ఊరు సూడ్డానికొచ్చాం, తినడానికి కాదు!" అని అరిచాను. కళ్ళంట నీళ్ళు కూడా వచ్చాయి. పిన్ని ఏమాత్రం చలించలేదు. "ఊరెక్కడికెలిపోతాదే? ముందు తిను" అని నా వేళ్ళ సందులోంచే పూర్ణం జారవిడిచింది. మావారు నవ్వారు. ఆ నవ్వు చూసి నా కోపం సగం దిగింది. కొట్లో మంచినీళ్ళు ముట్టని మనిషి ఆవురావురుమని తింటున్నారు, అందరితో వరసలు కలిపి మాట్లాడుతున్నారు. కోట పోతే పోయింది, మనుషులు నచ్చారు, ఇక విజయనగరమే అనుకున్నాను. రైలెక్కుతూ మనసులో సామాను కూడా సర్దేసుకున్నాను.

తుని దాటాక అన్నారు, "ఏలూరే రాస్తాను" అని.

ఎందుకో కూడా ఆయనే చెప్పారు. "మీ బాబాయిగారి కొట్లో పెద్ద తక్కెడ ఉంది చూడు, చేతులు కడుక్కోడానికి లేచినప్పుడు చూశాను. ఒక పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించి ఉంది. అది చూసి, మళ్ళీ వచ్చి కూచుని, గ్లాసుడు మజ్జిగ పోయించుకు తాగాను."

"అది పాసంగమండీ!" అన్నాను. రెండు పళ్ళేలూ సమంగా నిలవడానికి తేలికైనదానికి కాస్త బరువు అంటిస్తారు, బజారులో అందరూ చేసేదే. "అది మా నాన్న తక్కెడ. కలిసొచ్చిందని బాబాయి ఇప్పటికీ దాన్నే వాడుతున్నాడు. మోసం కాదు."

"కాకపోవచ్చు. తూచి చూస్తే తెలుస్తుంది. వాళ్ళ విస్తట్లో తిన్న చేత్తో తూచలేకపోయాను. రేపు ఇనస్పెక్టరుగా వస్తే తూచాలి." మళ్ళీ ఆయనే అన్నారు. "అంతమందిలో ఒక్కరైనా మా కొట్టు సంగతి కాస్త చూసుకోండి బాబూ అని ఉంటే, మొహమ్మీదే కుదరదని చెప్పి సంతోషంగా వచ్చి చేరేవాణ్ణి. ఎవరూ ఏమీ అడగలేదు. ఒట్టినే పెట్టారు."

ఎవరి మీద అరవను? నీతిగల మనిషి మీదా? ప్రేమగా పెట్టినవాళ్ళ మీదా? ఆటో అతని మీదా? రాజమండ్రి వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆ తరవాత చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఏలూరులో పక్కింటావిడ మంచిదే, కానీ "ఏటి" అంటే ఆవిడా నవ్వింది. ఆ చింతపండు ముద్ద బాబాయి పెట్టాడో, నాన్న నాటినుంచే ఉందో, అసలు ఎందుకు పెట్టారో ఎన్నోసార్లు అడుగుదామనుకున్నాను. ఫోనులో అడిగే మాట కాదు. అడక్కుండానే బాబాయి పోయాడు, అంతకు ముందే అత్తయ్య పోయింది. బెల్లం కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. వాళ్ళ పిల్లలందరూ వైజాగులో ఫ్లాట్లు కొనుక్కున్నారు, తక్కెడ ఏ పాత సామానువాడికి వేశారో వాళ్ళకే గుర్తులేదు.

ఆయన రిటైరయ్యాక, పోయిన శీతాకాలం వెళ్ళాం మా ఊరు. లాడ్జీలో దిగాం. ఆటో అతను ఫోనులో దారి చూసుకుంటూ తీసుకెళ్ళాడు, నేను ఎవరమ్మాయినో అడగలేదు. కోట లోపలికంటా తిరిగి చూశాం, గంటస్తంభం చుట్టూ తిరిగాం, పెద్ద చెరువు గట్టు మీద కూచున్నాం. మధ్యాహ్నానికి చూడాల్సిందంతా అయిపోయింది. ఎక్కడ తిందామంటే ఎక్కడ తిందామని ఇద్దరం రోడ్డు మీద నిలబడ్డాం. ఆయన ఇప్పుడు ఎవరింట్లో ఎంత తిన్నా తప్పు లేదు. ఉద్యోగం ఆయన్ని వదిలిపెట్టేదాకా మావాళ్ళే ఆగలేకపోయారు.