కనుమ హంతకుడి కథలో పదకొండు పంక్తులు

1946 ఎండాకాలంలో చిత్తూరులోని ఒక అచ్చాపీసులో ఫోర్‌మన్‌గా చేరాను. ఫోర్‌మన్ అంటే యజమానికి కింద, కంపోజిటర్లకు పైన. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పంక్తులు కూర్చేవాడు కంపోజిటరు. ఆ పేజీలను ఇనుప చట్రంలో బిగించి, ఆఖరి ప్రూఫు చూసి మిషను మీదికి పంపేవాడు ఫోర్‌మన్. ఆఖరి మాట అతనిది గనుక తప్పు దొర్లితే అదీ అతనిదే. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. చేతిలో వేగం ఉంది, ఒంట్లో కుదురు లేదు. పేజీ బల్ల మీద ఊరికే పడి ఉంటే నాకు ఒళ్లంతా చీమలు పాకేవి.

మా ప్రెస్సు నుంచి ఒక వారపత్రిక వచ్చేది. హైస్కూల్లో సైన్సు చెప్పే ఐవారొకరు అందులో సీరియల్ రాసేవారు. విషయం కనుమ హత్యలు. అంతకు ఆరేడేళ్ల ముందు, బంగారుపాళ్యం దాటినాక వచ్చే కనుమ దారిలో ఐదుగురు బండివాళ్లను ఎవరో ఒకరి తర్వాత ఒకరిని చంపారు. ఒక్క బెల్లం మూట కూడా పోలేదు. ప్రతిసారీ ఎడ్లను కాడి నుంచి విప్పి, చెట్టుకు కట్టి, వాటి ముందర గడ్డి వేసి పోయాడు హంతకుడు. పోలీసులు ఎంత గాలించినా దొరకలేదు. హత్యలు వాటంతటవే ఆగిపోయాయి.

ఐవారు దీనికొక జవాబు అల్లారు. హంతకుడు మన కాలంవాడు కాడు. పశువులన్నీ అంతరించిపోయిన రాబోయే కాలం నుంచి ఒక యంత్రంలో వచ్చినవాడు. కాడి కింద ఎద్దును చూసి ఓర్వలేక బండివాణ్ణి చంపుతాడు. చదివేవాళ్లు నవ్వుతూ మొదలుపెట్టారు. మూడో వారానికి నవ్వడం మానేశారు. పోలీసులు చెప్పలేనిది ఈయనైనా చెబుతున్నాడని పల్లెల్లో ఒకరు చదివితే పదిమంది చుట్టూ కూర్చుని వినేవారట. చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లు ఇంకా ఉన్నారు గనుక ఐవారు ఎవరి పేరూ రాయలేదు. మొదటివాడు, రెండోవాడు అని మాత్రమే రాసేవారు.

ఐదోవాడి కథ వచ్చిన వారం నా నిర్వాకం జరిగింది. ఆ భాగంలో ఐదోవాడు చావడు. దొరికిన శవం యంత్రం చేసిన బొమ్మ. అసలు మనిషిని హంతకుడు ఎడ్లంటే ఎలా ఉండేవో చెప్పించుకునేందుకు తన కాలానికి తీసుకుపోతాడు, ఏదో ఒకనాడు తిరిగి వస్తాడు. రచయిత ప్రూఫులో ఐవారు ఒక పేరా కొట్టేసి, మొక్కు తీర్చుకోవడానికి తిరుమల కొండెక్కారు. పేజీలో పదకొండు పంక్తుల బొంద మిగిలింది. రచయిత చూసి పంపినాక కొత్తగా ఏది చేరినా ఆయనకు మళ్లీ చూపించాలన్నది అచ్చాపీసు నియమం. ఆయన సోమవారానికి గానీ రారు. అంతవరకూ ఆగడం నా వల్ల కాలేదు.

మా దగ్గర స్టాండింగు మేటరు ఉండేది. మళ్లీ అవసరం వస్తుందని విప్పకుండా దారంతో కట్టి దాచిన పేజీలను అలా అంటారు. కనుమ హత్యల మీద మా ప్రెస్సే వేసి జాతరల్లో అమ్మే ఒక చిన్న పుస్తకం పేజీలు అందులో ఉన్నాయి. ఐదో శవం ఎలా పడి ఉందో చెప్పే పంక్తులు తీసి చూస్తే, కొలిచినట్టు పదకొండు. మొదటి రెండూ చదివి, సరిపోయిందనుకుని బొందలో పెట్టి బిగించేశాను. తొమ్మిదో పంక్తిలో మనిషి పేరూ, ఊరిపేరూ ఉన్నాయి. గుండ్లపల్లె మునెప్ప. పదకొండో పంక్తి అవగానే మొదలయ్యేది ఐవారి వాక్యం: "కాని ఇతడు మరణించలేదు."

పత్రిక బయటికి వచ్చిన పన్నెండో రోజు పొద్దున ఒకామె ప్రెస్సు గడపలో నిలబడింది. పాతికేళ్లు దాటి ఉంటాయి. నుదుట బొట్టు లేదు. చేతిలో మా పత్రిక, ఆ పేజీ పైకి మడిచి ఉంది.

"ఈడ అచ్చేసే సామి ఎవురు?" అని అడిగింది. నేనే అన్నాను.

"మా ఆయన సచ్చినాడా, ఉండాడా? అదొక్కటి సెప్పు సామీ."

ఆమె చెంగమ్మ, మునెప్ప భార్య. వాళ్లలో భర్త పోయినామెకు మారుమనువు ఆచారం ఉంది. ఆరేళ్లు ఒంటిగా గడిపినాక పక్క ఊళ్లో భార్య పోయిన ఒకతనితో ఆమెకు మనువు కుదిరింది, వచ్చే గురువారమే. అతనికి ఏ అభ్యంతరమూ లేదు. అతని పెద్దలే పత్రిక చదివించుకుని, మొగుడు బతికుండగా మనువేమిటని అడ్డం తిరిగారు. మునెప్ప శవం నాలుగు రోజుల తర్వాత దొరికిందట. ముఖం నక్కలు తినేశాయి. మొలతాడు చూసి గుర్తుపట్టారు. ఆ కాస్త అనుమానం ఆరేళ్లుగా నిద్రపోతూ ఉంటే నా పదకొండు పంక్తులు దాన్ని తట్టి లేపాయి.

"మా అత్త పొద్దున లేస్తానే బాట కల్లా సూస్తా కూసుంటాండాది," అంది చెంగమ్మ. "కొడుకొస్తాడని రోజూ ఇంత కూడు తీసిపెడతాండాది."

తప్పు నాదని ఆమెతో చెప్పాను. నోటిమాట వద్దంది. అచ్చులో పడినదాన్ని అచ్చులోనే తీసేయమంది. యజమానిని అడిగితే, కథంటే కథేనని చెప్పి పంపేయమన్నారు. సవరణ వేస్తే తప్పు ఒప్పుకున్నట్టే, పోలీసులు వస్తారు, సీరియల్ పోతుంది అన్నారు. కొండ నుంచి గుండుతో దిగిన ఐవారు మాత్రం, అచ్చయిన పేజీ అంతదాకా చూసుకోలేదట, ఇప్పుడు చూసి స్టూలు మీద కూలబడ్డారు. ఇది కల్పిత కథ అనీ, గుండ్లపల్లె మునెప్ప చనిపోయిన మాట నిజమనీ రాసి సంతకం పెట్టి ఇచ్చారు. రెండు రోజులు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని బల్లకూ కిటికీకీ మధ్య తిరిగాను. మంగళవారం మధ్యాహ్నం యజమాని భోజనానికి ఇంటికి వెళ్లగానే నేనే కంపోజు చేసి, నేనే మిషను తొక్కి కరపత్రం తీశాను. ఏ కాగితానికైనా అడుగున ప్రెస్సు పేరు ఉండి తీరాలని చట్టం. యజమాని అనుమతి లేకుండా ఆ పేరు వేశానంటే నా ఉద్యోగానికి నేనే నీళ్లు వదులుకున్నట్టు. తెలిసే వేశాను.

బుధవారం గుండ్లపల్లె పోయాను. రెండు ఊళ్ల పెద్దలూ చావడిలో కూర్చున్నారు. కరపత్రం చదివి వినిపిస్తే, పెళ్లికొడుకు తండ్రి దాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

"అది పత్రికలో పడింది. ఇదేమో వట్టి కాయితం. దేన్ని నమ్మాలబ్బా?" అన్నాడు.

ఈ ప్రశ్న వస్తుందని నాకు అనిపించే ఉంది. దారంతో కట్టిన ఆ పదకొండు సీసపు పంక్తులను రేకు డబ్బాలోనూ, జాతర పుస్తకాన్నీ పత్రికనూ సంచిలోనూ పెట్టుకుపోయాను. వాళ్ల ముందే సిరా పూసి, తెల్లకాగితం మీద ఒత్తి చూపించాను. "ఎడ్ల" అన్న మాటలో లవొత్తు తోక విరిగి ఉంది. పాత జాతర పుస్తకంలోనూ అదే చోట అదే విరుపు, పత్రికలోనూ అదే. ఆయన మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమి చూశాడు.

"అంటే ఇది పాత సావు. తెచ్చి కొత్త కతలో అతికించినావు."

"అవునప్పా, నేనే అతికించినాను," అన్నాను.

చావడిలో ఒకాయన నన్ను తిట్టాడు. తిట్టాల్సిందే. పెళ్లికొడుకు తండ్రి మాత్రం గురువారం ముహూర్తం మార్చే పని లేదని లేచాడు. స్తంభం పక్కన నిలబడ్డ చెంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నా గుండె మీది బండ దిగినట్టయి, సీసం ముక్కలు డబ్బాలో సర్దుకోబోయాను. అప్పుడొచ్చింది మునెప్ప తల్లి. అంతసేపూ మెట్ల దగ్గరే కూర్చుని అంతా విందట.

"అట్లయితే మావోడు రాడా నాయనా?"

"రాడవ్వా."

"మరి వాణ్ణి సంపిందెవురు?"

"తెలీదవ్వా," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి, బాట వైపు పోకుండా ఇంటి వైపు నడిచింది.

మరుసటి రోజు నన్ను పనిలోంచి తీసేశారు. అది న్యాయమే. తర్వాత వేరే ఊళ్లలో, వేరే ప్రెస్సుల్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. రచయిత చూసి పంపిన పేజీలోకి ఆయనకు మళ్లీ చూపించకుండా ఒక్క పంక్తి కూడా చేర్చనివ్వలేదు. రాసినవాడి పంక్తి ఏదో, బొంద పూడ్చిన పంక్తి ఏదో చదివేవాడికి తెలియదు. వాడికి అంతా ఒకే అచ్చు, ఒకే నిజం. పేజీలో చోటు మిగిలితే తెల్లగా వదిలేయమని నా కింద పనిచేసినవాళ్లందరికీ చెప్పాను. పేజీ బోసిపోయిందని యజమానులు కోప్పడేవారు. పడనిచ్చాను.